చివరి బెల్లుకు ఎవరి మెడలో

నేను ఒక చెక్కపలకను. పలక అనగానే ఒళ్లో పెట్టుకుని అక్షరాలు దిద్దుకునే పలక అనుకునేరు, ఆ అదృష్టం నాకెక్కడిది! నా మీద ఎవరూ ఏదీ దిద్దుకోలేదు. రాయదలుచుకున్నదంతా ఒకేసారి రాసేసి, పైన రెండు చిల్లులు పొడిచి, నైలాను తాడు దూర్చి, పిల్లల మెడలో వేశారు. నాకున్నంత మంది యజమానులు ఊళ్లో ఏ అద్దె సైకిలుకూ ఉండి ఉండరు. పూటకొకడు, గంటకొకడు. వాళ్లలో ఒక్కడైనా నన్ను ఇష్టపడి తీసుకున్నవాడు లేడు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. నాకు మానమూ లేదు, ప్రాణమూ లేదు. కాబట్టి అన్నీ చెబుతాను, వినండి.

పుట్టుకకు నేను టేకును. ఎవరిదో కొత్త ఇంటికి దర్వాజ చేయగా మిగిలిన ముక్కను. వడ్ల నర్సింహాచారి కొట్టంలో మూలన పడి ఉండగా, ఒకరోజు జితేందర్ సార్ స్కూటరు మీద వచ్చాడు. ఈయన బీడీలు చుట్టే ఆ చిన్న టౌనులో 'గ్రీన్ పెటల్స్ ఇంగ్లీష్ మీడియం స్కూల్' పెట్టినాయన, కరస్పాండెంటు. చేతులతో కొలత చూపించి, "ఇంత పొడుగు, ఇంత వెడల్పు. మెడల ఏసుకునేటట్టు పైన రెండు చిల్లులు పెట్టు చారీ" అన్నాడు.

"గుదిబండనా సార్? గొడ్డు ఎవలిది? చేన్లవడి మేస్తున్నదా?" అని అడిగాడు చారి.

ఆయన అట్లా అనుకోవడంలో తప్పేమీ లేదు. కంచె దూకే దొంగగొడ్డు మెడకు కొయ్య కట్టడం ఊళ్లల్లో ఉన్నదే. పరుగెత్తబోతే మోకాళ్లకు తగిలి ఆగిపోతుంది. మెడకు చెక్క అంటే చారికి తెలిసిన వాడకం అదొక్కటే.

"గొడ్లకు గాదు చారీ, బడి పిల్లలకు" అని నవ్వాడు సార్. చారి కూడా పరాచికం అనుకుని నవ్వాడు. పరాచికం కాదని తెలిశాక నవ్వు ఆపి, "పసిపిల్లలంటున్నరు, అంచు కోసుకపోతది" అని నా నాలుగు మూలలూ గరుకుకాగితంతో రుద్ది గుండ్రం చేశాడు. ఆ తర్వాత పెయింటరు వచ్చి నల్లరంగు పూసి తెల్లరంగుతో ఇంగ్లీషు అక్షరాలు రాశాడు: "ఐ యామ్ ఎ డాంకీ. ఐ స్పోక్ తెలుగు." అంటే, నేను గాడిదను, తెలుగులో మాట్లాడాను అని. టేకు చెట్టుగా అడవిలో ఉన్నన్నాళ్లూ నన్ను ఎవరూ ఇంత మాట అనలేదు.

జితేందర్ సార్ దుర్మార్గుడై ఉంటే నా కథ సులువుగా అయిపోయేది. ఆయన దుర్మార్గుడు కాడు. హైదరాబాదులో ఏదో ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయి, ఇంగ్లీషులో నత్తినత్తిగా రెండు ముక్కలు మాట్లాడి నవ్వులపాలై వచ్చినవాడు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకామె. ఉద్యోగం రానందుకు కాదు, పక్కన కూచున్న కుర్రాళ్లు నవ్వినందుకు ఆయన కడుపు మండింది. ఆ మంట తన బడిపిల్లలకు తగలకూడదని నన్ను చేయించాడు. మంచి కోరి చేసే పనికి ఎవరు అడ్డం వస్తారు!

ఆయన పెట్టిన పద్ధతి ఇది. పొద్దున ప్రేయరు కాగానే ముందుగా తెలుగులో మాట్లాడి దొరికినవాడి మెడలో నన్ను వేస్తారు. వాడు నన్ను వదిలించుకోవాలంటే ఒకటే దారి. తెలుగు మాట్లాడే ఇంకొకణ్ని పట్టుకుని వాడి మెడలో వేయాలి. వాడు ఇంకొకడి మెడలో. అట్లా తిరిగి తిరిగి చివరి బెల్లు కొట్టేసరికి ఎవరి మెడలో ఉంటే వాడు నన్ను గేటు దాకా వేసుకుపోవాలి, మర్నాడు ప్రేయరులో అందరి ముందూ మోకాళ్ల మీద నిలబడాలి. సారు బెత్తం ముట్టుకోనక్కర లేదు, టీచర్లు కాపలా కాయనక్కర లేదు. పిల్లలే పోలీసులు, పిల్లలే దొంగలు.

మొదట్లో ఇంగ్లీషు వస్తుందనే అనుకున్నాను నేనూ. వచ్చిన విద్య వేరు. నన్ను మోసేవాడు స్నేహితుడి పక్కన చేరి, బల్ల కింద గట్టిగా కాలు తొక్కేవాడు. వాడు "అమ్మా!" అనగానే తాడు తీసి వాడి మెడలో వేసేవాడు. అమ్మ తెలుగు మాటే కదా, చట్టం చట్టమే. కొద్దిరోజులకు పిల్లలంతా దెబ్బ తగిలితే "ఔచ్" అనడం నేర్చుకున్నారు. గ్రీన్ పెటల్స్‌లో వాళ్లకు నిజంగా వంటబట్టిన ఇంగ్లీషు అదే. కొందరు ఇంటర్వెల్‌లో బాత్రూముల వెనక దాక్కునేవాళ్లు. కొందరు కళ్లతో, వేళ్లతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అన్నం తిన్నావా అంటే నోటి దగ్గర వేళ్లు, ఆడుకుందామా అంటే చేతి ఊపు. చివరికి అది కూడా తగ్గిపోయింది. నోరు తెరిస్తే కదా గొడవ, తెరవకపోతే ఏ గొడవా లేదు అని వాళ్లకు అర్థమైంది.

బడి నిశ్శబ్దమైపోయింది. పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు వరండాలో నిలబడి, "ఎంత బుద్ధిగున్నరు! సూది వడ్డా ఇనవడుతది" అని మురిసిపోయేవారు. సారు గర్వంగా తల పంకించేవాడు. ఇంగ్లీషులో ఒక్క వాక్యం చెప్పమని ఎవరైనా ఆ పిల్లల్ని అడిగి ఉంటే గుట్టు రట్టయ్యేది. ఎవరూ అడగలేదు. అడిగేవాళ్లకు వస్తే కదా!

అఖిల మూడో తరగతి పిల్ల. తల్లి గంగమణి బీడీలు చుడుతుంది, తండ్రి రాజేశం రైసుమిల్లులో బస్తాలు మోస్తాడు. అదే బడిలో ఎల్‌కేజీ చదివే తమ్ముడు వంశీ అంటే ఆ పిల్లకు పంచప్రాణాలు. వాడి బూట్ల లేసులు కట్టడం, ముక్కు తుడవడం, టిఫిను తినిపించడం అన్నీ తనే. వసపిట్ట. అందుకే తరచూ నా తాడులో ఇరుక్కునేది. కానీ వేరేవాళ్ల కాళ్లు తొక్కడం చేతనయ్యేది కాదు. ఒకరోజు వంశీ మెట్ల మీద పడబోతుంటే "పైలం తమ్మీ!" అంది. అంతే, వెంటనే నేను మెడలో పడ్డాను. చివరి బెల్లు కొట్టింది. నన్ను వేసుకుని తమ్ముడి చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది.

ఆ రోజు గంగమణి పిల్లల్ని తీసుకుపోవడానికి స్వయంగా వచ్చింది. కూతురి మెడలో నన్ను చూసింది. ఆమెకు చదువు రాదు. నల్లటి చెక్క మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు కనపడ్డాయి, మెడలో తాడు కనపడింది. ముఖం వెలిగిపోయింది.

"ఇదేంది బిడ్డా? ఇనామా? మా తల్లే, నా బంగారు తల్లే!"

నన్ను రెండు చేతుల్లోకి తీసుకుంది. వేళ్లకు తంబాకు వాసన. గాడిద అని రాసి ఉన్నచోట వంగి ముద్దు పెట్టుకుంది. పక్కనున్న ఆడవాళ్లను పిలిచి, "సూడుర్రి అక్కా, మా అఖిలకు బడిల పతకం ఇచ్చిండ్రు. వాళ్ల నాయినకు జెప్తే ఎంత సంబురపడ్తడో!" అంది. ఇంగ్లీషు చదవగలిగిన ఒకామె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. గంగమణి ఆ నవ్వును కూడా సంతోషం కిందే జమకట్టింది. అఖిల తల్లి ముఖంలోకీ, ఆ నవ్వే ఆమె ముఖంలోకీ మార్చి మార్చి చూసింది. పతకం కాదని చెప్పలేదు. గేటు దాటేముందు నన్ను తీసి వాచ్‌మన్ చేతిలో పెట్టి, తలవంచుకుని వెళ్లిపోయింది. అయ్యో, ఎవరికైనా రావాల్సిన కష్టమేనా అది!

మర్నాటి నుంచి అఖిల బడిలో నోరు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేది. తమ్ముడు వచ్చి పిచ్చుకపిల్లలా ఏదేదో వాగుతుంటే వాడి నోటి మీద మెల్లగా అరచెయ్యి పెట్టేది. ఆ నెలంతా నేను ఆ పిల్ల మెడ మళ్లీ చూడలేదు. నెలాఖరున ప్రేయరులో సారు అఖిలను ముందుకు పిలిచి, క్రమశిక్షణ అంటే ఇదీ అని అందరి చేతా చప్పట్లు కొట్టించాడు.

స్వరూప టీచరుకు ఆ చప్పట్లు నచ్చలేదు. బీ.ఎడ్. పూర్తిచేసి కొత్తగా చేరిన మనిషి. సాయంత్రం బడి వదిలాక నేను సారు బల్ల మీదే ఉంటాను, అందుకని వాళ్ల మాటలు విన్నాను.

"సార్, పిల్లలకు ఇంగ్లీషు వస్తలేదు. దొరకకుండ తప్పించుకునుడు వస్తున్నది. అఖిలనే సూడుర్రి. బుద్ధిగ ఉన్నదనుకుంటున్నరు మీరు, అది భయం సార్. శిక్ష వేస్తే ఏం చెయ్యొద్దో తెలుస్తది గని, ఏం చెయ్యాల్నో తెల్వదు. మేం చదువుకున్నం."

"అయితే ఏం చేద్దామంటరు?"

"తప్పో ఒప్పో, ఇంగ్లీషుల ఒక్క ముక్క అన్నోనికి శభాష్ అందాం. ముందు నోరు తెరువనిద్దాం సార్."

 సారు చిరునవ్వు నవ్వి నన్ను వేలితో ఆమె వైపు తోశాడు. "నిన్న స్టాఫ్‌రూంల మీరు తెలుగుల మాట్లాడిండ్రట గద టీచర్? నాకు అన్నీ తెలుస్తయి. నేనేం మీ మెడల ఎయ్యను. ఊకె చెప్తున్న."

ఆమె నా మీద అక్షరాలను చూసింది. "సారీ సర్" అంది, ఇంగ్లీషులో. ఆ తర్వాత ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నాకు ఆమె మీద కోపం వచ్చింది. కానీ పిల్లలకు పనిచేసిన మందు పెద్దలకు మాత్రం ఎందుకు పనిచేయదు? చీమకైనా ఏనుగుకైనా భయం భయమే.

ఇక అసలు రోజు సంగతి. ఎండాకాలం ఒంటిపూట బడులు ఇంకా మొదలు కాలేదు. బడి బోరు ఎండిపోతే ట్యాంకరుతో నీళ్లు తెప్పించేవారు. మధ్యాహ్నం అన్నాల వేళ ట్యాంకరు ఆవరణలోకి వచ్చి సంపు నింపింది. నింపాక పైపు చివర సన్నగా నీళ్లు కారుతుంటాయి, పిల్లలకు అదో పండగ. వంశీ ట్యాంకరు వెనక గొంతుకూచుని దోసిట్లో ఆ నీళ్లు పడుతున్నాడు. డ్రైవరు ఎక్కి ఇంజను వేశాడు. వెనక్కి తిప్పుకుని గేటు వైపు పోవాలి.

అఖిల వరండా మెట్ల మీద టిఫిను డబ్బాతో నిలబడి ఉంది. పక్కనే శ్రవణ్, అదే తరగతి పిల్లవాడు. నేను వాడి మెడలో ఉన్నాను. అంతకు ముందు రోజు కూడా చివరి బెల్లుకు నేను వాడి మెడలోనే ఉన్నాను. పొద్దున ప్రేయరులో వాడి మోకాళ్లకు కంకర గుచ్చుకుంది. ఈ రోజు ఎట్లాగైనా వదిలించుకోవాలని, ఎవరు నోరు తెరుస్తారా అని అందరి పెదాలూ చూస్తూ తిరుగుతున్నాడు పాపం.

ట్యాంకరు వెనక్కి కదిలింది. అఖిల చూసింది. డబ్బా చేతిలోంచి జారిపోయింది. నోరు తెరిచింది.

'జరుగు' అన్న ఒక్క మాట చాలు. పక్కకు తప్పుకోమని. మూడక్షరాలు. ఆ పిల్ల మాటలు నేర్చిన నాటి నుంచి తమ్ముణ్ని మందలిస్తున్న మాట. గొంతు దాకా వచ్చింది, నేను చూశాను. నోరు తెరుచుకోవడం శ్రవణ్ కూడా చూశాడు. వాడి రెండు చేతులూ నా తాడు మీదికి పోయాయి. ఆ చేతులు కదలడం అఖిల కంటపడింది. నన్ను చూసింది. నోరు టక్కున మూసుకుంది. ఆ పిల్ల మూసుకోలేదు, మూసుకుపోయింది. రెండు చేతులూ పెదాల మీద పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, దానికి ఇంగ్లీషు మాట ఏమిటా అని వెతుక్కుంది. ఎవరైనా నేర్పి ఉంటే కదా దొరకడానికి!

మాట దొరక్క పరుగెత్తింది. మెట్లు దూకి, ఆవరణ సగం దాటేసరికి అయిపోయింది. అప్పుడు అరిచింది. "తమ్మీ!" అని, బడి గోడలు అదిరేటట్టు అరిచింది.

వెనకాలే పరుగెత్తుకొచ్చిన శ్రవణ్ నన్ను మెడలోంచి తీసి అఖిల మెడలో వేశాడు.

వాణ్ని తిట్టకండి. వాడు ట్యాంకరును చూడలేదు. తెలుగుమాట విన్నాడు, చేతులు వాటంతట అవే పనిచేశాయి. అంత బాగా నేర్పారు వాడికి. వేశాక ముందుకు చూశాడు. చక్రం కింద వంశీ కాలు చూశాడు. "అమ్మా!" అని అక్కడే కూలబడ్డాడు. ఆఫీసు గదిలోంచి జితేందర్ సార్ "అరే ఆపురా! ఆపు! పిలగాడు, పిలగాడు!" అని ఒర్రుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. అంత భయంలో ఆయనకూ తెలుగే వచ్చింది. స్వరూప టీచరు వచ్చి నన్ను అఖిల మెడలోంచి లాగి దూరంగా విసిరికొట్టింది. నా ఒక మూల విరిగింది.

వంశీ బతికాడు. కుడికాలు మోకాలి కింద తీసేశారు.

తర్వాత కొన్నాళ్లకు ఆఫీసు గదిలో పెద్దమనుషులు కూచున్నారు. నేను బల్ల సొరుగులో ఉన్నాను. సొరుగులోకి అన్నీ వినపడతాయి. తప్పెవరిదో తేల్చాలి కదా! ట్యాంకరాయన, 'వెనక పిల్లలు రాకుండా చూసుకోవాల్సింది బడి' అన్నాడు. బడి తరఫున జితేందర్ సార్ గొంతు సవరించుకున్నాడు.

"డ్రైవరుకు కనవడలేదు, ఒప్పుకుంట. గని పిలగాని అక్క అక్కడ్నే ఉన్నది. అందరు సూసిండ్రు. ఒక్కసారి ఒర్రితే అయిపోవు. ఎందుకు ఒర్రలేదో ఆ పిల్లనే అడుగుర్రి."

నోరు తెరిచినందుకు గాడిద అన్న మనిషి, నోరు తెరవలేదేమని అడుగుతున్నాడు! నేను చెక్కను కాబట్టి పగిలిపోకుండా ఊరుకున్నాను.

"ఏమే, నోట్లె నాలిక లేదానే?" అన్నాడు రాజేశం. "సూసుకుంట నిలవడ్డవా? తమ్ముడు గాదా నీకు?"

 గంగమణి ఏడుస్తోంది. "చెప్పు బిడ్డా, ఏమన్న ఒకటి చెప్పు" అని బతిమాలుతోంది. ఎంతకూ జవాబు రాకపోయేసరికి రాజేశం గొంతు గుమ్మం వైపు తిరిగింది. "టీచరమ్మా, నువ్వు ఉంటివి గద. నువ్వన్న చెప్పు, ఏమైంది నా బిడ్డకు?"

చెప్పాల్సిన మనిషి ఆమె ఒక్కతే. అన్నీ తెలిసిన మనిషి. సారు కుర్చీ కిర్రుమని ఆమె వైపు తిరిగింది.

"నాకు తెల్వదు అన్నా. నేను లోపటున్న" అంది స్వరూప టీచరు.

దాంతో తీర్పు అయిపోయింది. తిలాపాపం తలా పిడికెడు పంచుకోవాల్సిన పెద్దలు మొత్తం మూట తెచ్చి ఒక పసిపిల్ల నెత్తిన పెట్టి, టీ తాగి లేచారు.

ఈ లోగా పేపరువాళ్లు అటూ ఇటూ తిరుగుతున్నారని తెలిసి సారు జాగ్రత్తపడ్డాడు. నన్ను బడి వెనక రేకుల షెడ్డులో, విరిగిన బెంచీల మీద పారేయించాడు. మర్నాడు ప్రేయరులో, "ఇగ నుంచి తెలుగుల మాట్లాడినా ఎవలూ ఏమనరు, పలక తీసేసినం" అని ప్రకటించాడు. ఇక బడి గలగలమంటుందని రేకుల సందులోంచి చెవులు రిక్కించి ఉన్నాను. ఎక్కడ! ఇంటర్వెల్ అయింది, అన్నాల బెల్లు అయింది, బడి వదిలారు. అదే నిశ్శబ్దం. మాట్లాడి చూస్తే కదా ఏమీ కాదని తెలిసేది! మాట్లాడి చూసే ధైర్యం ఒక్కరికీ లేదు. నేను లేకపోయినా నా పని ఆగలేదు. "సూసినవా, పలక లేకున్నా ఎంత డిసిప్లినో" అని సారు ఎవరితోనో అంటూ షెడ్డు పక్క నుంచి పోవడం విన్నాను.

కొత్త సంవత్సరం బడి తెరిచాక వంశీ చంకకర్రలతో వచ్చాడు. ఆటలు ఆడలేడు కదా, ఇంటర్వెల్‌లో అక్క వాణ్ని షెడ్డు నీడకు తెచ్చి కూచోబెట్టేది. చంకకర్రలు గోడకు ఆనించేది, చెమట తుడిచేది. వాడు ఒక్కడే మాట్లాడేవాడు. నన్ను మోసే వయసు రాకముందే మంచాన పడ్డాడు, అందుకని వాడి నోరింకా చెడలేదు. అఖిల తల ఊపేది, లేదంటే అడ్డంగా తిప్పేది. ఇంట్లోనూ అంతేనట. గంగమణి దేవుళ్లందరికీ మొక్కుకుంటోందని వాడే చెప్పాడు.

ఒకరోజు వాడు బిస్కెట్టు నములుతూ నములుతూ ఆగాడు.

"అక్కా, నాయిన అంటున్నడు, ఆ దినం నువ్వు నన్ను సూసుకుంట నిలవడ్డవట. నువ్వు నన్ను సూసినవా?"

అఖిల తల ఊపలేదు, తిప్పలేదు. లేచి నిలబడి షెడ్డుకు అటు చివర చూసింది, ఇటు చివర చూసింది. ఎవరూ లేరని నమ్మకం కలిగాక కూచుని వాడి ముఖంలోకి చూసింది. పెదాలు కదిలాయి. ఎన్ని నెలలకు కదిలాయో!

"నో" అంది.

జితేందర్ సార్ విని ఉంటే ఎంత సంతోషించేవాడో. ఆయన బడిలో ఒక పిల్ల తనంతట తానుగా ఇంగ్లీషు మాట్లాడడం నేను చూసింది అదొక్కసారే.

"గట్లనా" అన్నాడు వంశీ. వాడి ముఖం తేటపడింది. "నేను గట్లనే అన్న నాయినతోటి. అక్క సూస్తె పిలువకపోవునా అన్న."

బెల్లు కొట్టారు. అఖిల చంకకర్రలు తీసి వాడి చేతికిచ్చింది.